కేసు పడింది సరే, ఆర్డరు ఏదీ?

వేంపల్లెలో మొగుడి చేతిలో దెబ్బలు తిన్న ఆడమనిషికి ఇరుగుపొరుగు చూపించే దారులు రెండు. ఒకటి పెద్దమనుషుల పంచాయితీ. ఇంకొకటి, "టేసనుకు పోయి కేసు పెట్టుపో" అనడం. పంచాయితీ అయితే గండి ఆంజనేయస్వామి మీద ఒట్టు వేయించి కాపురానికి తోలుతారు. స్టేషన్ అయితే ముందు కౌన్సెలింగ్, అది కుదరకపోతే ఎఫ్ఐఆర్. ఈ రెండూ కాక మూడోది ఉంది: పులివెందుల కోర్టులో అర్జీ వేసి మేజిస్ట్రేట్ దగ్గర రక్షణ ఉత్తర్వు తెచ్చుకోవడం. 2005 నాటి గృహహింస చట్టం 2006 అక్టోబరు 26న అమల్లోకి వచ్చింది. ఇన్నేళ్ళయినా ఆ దారి పేరెత్తేవాళ్ళు ఊళ్ళో తక్కువ. వకీళ్ళు ఎత్తుతారు గానీ, చాలాసార్లు దాన్ని 498ఏ కేసుకు జతగా, మనోవర్తి కోసం ఒత్తిడి పెట్టే ఇంకో కాగితంగానే వాడతారు.

క్రిమినల్ కేసుకూ రక్షణ ఉత్తర్వుకూ పని వేరు. కేసు జరిగిపోయినదానికి శిక్ష అడుగుతుంది. సాక్షులు, చార్జిషీటు, వాయిదాలు అయి తేలేసరికి ఏళ్ళు పడుతుంది. ఉత్తర్వు చూసేది ఈ రాత్రిని, రేపటిని: ఆమె ఎక్కడ పడుకోవాలి, అతను ఎంత దూరంలో ఉండాలి, పిల్లల ఫీజు ఎవరు కట్టాలి. మొదటిదాన్ని తెచ్చి రెండోదాని పనికి పెట్టడంలోనే మన పక్క ఆడవాళ్ళు ఎక్కువ నష్టపోతున్నారని నా అభిప్రాయం.

498ఏ పుట్టింది 1983లో. వరకట్నపు చావులు దేశమంతా గగ్గోలు పుట్టించిన రోజులవి. భర్తగానీ అతని బంధువులుగానీ భార్యను క్రూరంగా హింసిస్తే మూడేళ్ళ దాకా జైలు, పైన జరిమానా. 2024 జూలై 1న భారతీయ శిక్షాస్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చాక ఇది 85, 86 సెక్షన్లయింది. దానికి 1961 వరకట్న నిషేధ చట్టంలోని 3, 4 సెక్షన్లు కలపడం మన స్టేషన్లలో మామూలు. నెంబరు మారినా జనం నోట్లో అది ఇప్పటికీ 498ఏనే.

ఒకప్పుడు ఆ నెంబరు వింటేనే మగపెళ్ళివారి ఇల్లంతా వణికేది, అరెస్టు ఖాయం కాబట్టి. 2014 జూలై 2న బీహార్ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు ఆ అలవాటుకు కళ్ళెం వేసింది. ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు ఎందుకు అవసరమో పోలీసు రాసి చూపించాలి, అవసరం లేకపోతే క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోని 41ఏ సెక్షన్ నోటీసు ఇచ్చి పిలిపించాలి అంది. ఇప్పుడా నోటీసు, ఆ కోడ్ స్థానంలో వచ్చిన నాగరిక సురక్షా సంహితలో 35వ సెక్షన్ కిందికి వచ్చింది. ఆ తీర్పు సబబైనదే. ముసలి అత్తమామలను రాత్రికి రాత్రి జీపెక్కించిన ఉదంతాలు తక్కువేమీ కావు. కానీ దాని పర్యవసానాన్ని ఇంటి గడప దాకా పోయి చూడాలి.

పొద్దున పది గంటలకు ఆమె ఫిర్యాదు రాసిస్తుంది. మధ్యాహ్నం అతన్ని పిలిపిస్తారు. సాయంత్రానికి నోటీసు మీద సంతకం పెట్టించుకుని పంపించేస్తారు. అతను యాడికి పోతాడు? ఇంటికే. ఆమె బట్టలు, పిల్లల పుస్తకాలు, రేషన్ కార్డు, బీరువాలో అమ్మగారు పెట్టిన నగలు అన్నీ ఆ ఇంట్లోనే. నిందితుడు ఇంట్లో, ఫిర్యాది పుట్టింట్లో. ఎఫ్ఐఆర్ కాపీ చేతిలో ఉన్నంత మాత్రాన తాళం తీసిచ్చేవాళ్ళు ఎవరూ ఉండరు. "కేసు నడుస్తాంది కదమ్మా, కోర్టులో తేల్చుకోండి" అంటారు.

ఇక్కడే డీవీసీ పని మొదలవుతుంది. ఆంధ్ర, తెలంగాణ కోర్టుల్లో గృహహింస అర్జీలకు డి.వి.సి. (డొమెస్టిక్ వయొలెన్స్ కేసు) అని నెంబరు వేస్తారు. ఉండేది మేజిస్ట్రేట్ కోర్టులో, పేరులో కేసు ఉంది, ఇంకేం ఇదీ క్రిమినలే అనుకుంటారు జనం. 2015లో హైదరాబాద్‌లోని ఉమ్మడి హైకోర్టు ఈ అపోహను తీర్చింది. ఇది ప్రధానంగా సివిల్ స్వభావం ఉన్న విచారణ, అవతలివాళ్ళు ప్రతి వాయిదాకూ స్వయంగా రావాలని పట్టుబట్టకూడదు, వారంట్లతో లాక్కురాకూడదు అని చెప్పింది. మరుసటేడు ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్ళిన ఇంకో వ్యవహారంలో సుప్రీంకోర్టూ అదే దారి పట్టింది. భార్య తన అర్జీలో అడగాల్సిన మొత్తాలు రాయడం మరిచిపోయి తర్వాత సవరణ కోరింది. క్రిమినల్ విధానంలో సవరణ ఎక్కడిదన్నాడు భర్త. ఉపశమనం సివిల్ తరహాదైనప్పుడు సవరణకు అడ్డు లేదంది కోర్టు. సొంత విధానం పెట్టుకునే వెసులుబాటు 28వ సెక్షనే మేజిస్ట్రేట్‌కు ఇచ్చింది మరి.

12వ సెక్షన్ కింద అర్జీ పడితే మూడు రోజుల్లో మొదటి వాయిదా, అరవై రోజుల్లో తీర్పు అని చట్టం రాసుకుంది. ఆ అరవై రోజుల సంగతి కోర్టు వరండాలో కూర్చున్న ఎవరినడిగినా నవ్వుతారు. కానీ 23వ సెక్షన్ మీద ఎవరూ నవ్వక్కర్లేదు. అవతలివాణ్ణి వినకముందే, ఆమె ప్రమాణపత్రం చూసి మేజిస్ట్రేట్ తాత్కాలిక ఉత్తర్వు ఇవ్వొచ్చు. 18వ సెక్షన్ కింద కొట్టొద్దు, ఆమె పనిచేసే చోటికి గానీ పిల్లల బడికి గానీ పోవద్దు, ఫోనులో సహా ఏ రకంగానూ మాట్లాడించొద్దు, బ్యాంకు లాకరు తెరవొద్దు, నగలు, ఉమ్మడి ఆస్తి అమ్మొద్దు అనవచ్చు. 19 ఇంటికి, 20 డబ్బుకు, 21 పిల్లలకు, 22 పరిహారానికి. అర్జీ ఎక్కడ వేయాలన్న చిక్కూ లేదు. ఆమె తాత్కాలికంగా ఉంటున్న ఊరి కోర్టయినా చాలు. కదిరిలో ఇచ్చిన పిల్ల వేంపల్లె పుట్టింటికి వచ్చి ఇక్కడి నుంచే వేయొచ్చు. క్రిమినల్ కేసుకు కూడా ఈ సౌకర్యం 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కల్పించింది. పుట్టింట్లో తలదాచుకున్న చోట కూడా ఆ హింస తాలూకు బాధ కొనసాగుతుంది కాబట్టి అక్కడా కేసు పెట్టొచ్చని తేల్చింది.

ఈ చట్టానికి అనుబంధంగా 2006లో వచ్చిన నిబంధనల్లో గృహహింస సంఘటన నివేదిక అని ఒక ఫారం ఉంది. చట్టం కింద నియమించే రక్షణాధికారి నింపాల్సింది. దాన్ని ఒకసారి చదివితే చట్టం రాసినవాళ్ళకు మన ఇళ్ళు ఎంత బాగా తెలుసో అర్థమవుతుంది. కొట్టడం, తన్నడం ఒక భాగం. మాటల హింస కింద కట్నం తేలేదని, మగబిడ్డ పుట్టలేదని దెప్పడం, శీలం మీద నింద వేయడం విడివిడిగా రాసి ఉంటాయి. ఆర్థిక హింస కింద తిండికీ మందులకూ డబ్బులివ్వకపోవడం, ఇంట్లోంచి గెంటడం, ఉద్యోగానికి పోనివ్వకపోవడం, ఆమె జీతం లాక్కోవడం ఉంటాయి. స్టేషన్‌లో ఫిర్యాదు రాసేటప్పుడు "దెబ్బలేమైనా కనపడతాండాయా?" అన్న ప్రశ్న దగ్గర ఆగిపోయే విషయాలన్నిటికీ ఈ ఫారంలో చోటుంది. రక్షణాధికారి నివేదిక లేదని అర్జీ కొట్టేయడానికి వీల్లేదని 2022 మే 12న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. వకీలు నేరుగా వేయవచ్చు. వకీలు ఫీజు భయం ఉంటే, 1987 న్యాయ సేవల చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయసహాయం ఉంది. నెంబరు 15100.

ఇక అసలు పేచీ: ఇల్లు ఎవరిది? కడప, కర్నూలు జిల్లాల్లో పెళ్ళయిన కొడుకు పేరు మీద ఇల్లుండటం అరుదు. పొలం, ఇల్లు, బోరు కనెక్షన్ అన్నీ తండ్రి పేరునే ఉంటాయి. పంపకాలు ఎప్పుడో మామ కన్నుమూశాక. 2006 డిసెంబరులో, చట్టం అమల్లోకి వచ్చిన రెండు నెలలకే, సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఒక తీర్పిచ్చింది. ఉమ్మడి గృహం అంటే భర్తకు సొంతమైనదో, అతను అద్దెకు తీసుకున్నదో, అతనికి వాటా ఉన్న ఉమ్మడి కుటుంబపు ఇల్లో అయి ఉండాలి, అత్త పేరున ఉన్న ఇంట్లో కోడలికి నివాస హక్కు లేదు అని. ఇది సరిగ్గా మన సీమ ఇళ్ళ నెత్తిన పడ్డ తీర్పు. పద్నాలుగేళ్ళ పాటు వకీళ్ళు దీన్నే చూపించి కోడళ్ళను బయట నిలబెట్టారు. "ఇల్లు మాది, మావాడికి ఏమీ లేదు" అని మామ ఒక కౌంటరు వేస్తే చాలు, నివాస ఉత్తర్వు ఆశ సన్నగిల్లేది.

2020 అక్టోబరు 15న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును తప్పని పక్కన పెట్టింది. యాజమాన్యం ఎవరిదన్నది కాదు, ఆ కోడలు ఆ ఇంట్లో కాపురం చేసిందా అన్నది చూడాలంది. ఏదో నాలుగు రోజులు చుట్టపుచూపుగా ఉంటే చాలదు, ఉండే తీరులో కొంత స్థిరత్వం ఉండాలి. అదే ఏడాది డిసెంబరు 15న బెంగళూరు వ్యవహారం ఒకదానిలో ఇంకో మెలిక తేల్చింది. 2007 నాటి వృద్ధుల పోషణ చట్టం కింద అధికారి దగ్గరికి పోయి కోడల్ని ఖాళీ చేయించే పద్ధతి ఒకటి బయల్దేరింది. ఆ చట్టం వాడి గృహహింస చట్టపు నివాస హక్కును గుడ్డిగా తుడిచేయకూడదు, రెండూ కలిపి చదవాలి అంది కోర్టు. 2022 మే నాటి తీర్పు ఇంకాస్త ముందుకు పోయింది. అర్జీ వేసే రోజున ఆమె ఆ ఇంట్లో ఉండి తీరాల్సిన పని లేదు, పెళ్ళయిన రోజు నుంచే ఆ హక్కు వస్తుంది అని.

అయితే కోడలు గెలిచేసిందని అనుకోవద్దు. 2020 తీర్పే ఆ హక్కు తిరుగులేనిది కాదనీ, ముసలివాళ్ళ ప్రశాంతతనూ తూకం వేయాలనీ, అవసరమైతే వేరే ఇల్లు చూపించి అద్దె కట్టించవచ్చనీ చెప్పింది. 19వ సెక్షన్‌లో ఇంకో గీత ఉంది. భర్తను ఇంట్లోంచి పంపేయమని ఆదేశించవచ్చు గానీ ఆడవాళ్ళెవరినీ అలా పంపడానికి లేదు. అంటే అత్త, ఆడబిడ్డ అక్కడే ఉంటారు. వేంపల్లె వంటి ఊళ్ళో, ఒకే పొయ్యి ఉన్న ఇంట్లో, ఉత్తర్వు పట్టుకుని వచ్చిన కోడలు ఎన్ని రోజులు ఉండగలదు? వేరే గది, వేరే పొయ్యి, వేరే కరెంటు మీటరు గురించి ముందే అడిగి ఉత్తర్వులో రాయించుకోని అర్జీలు చాలావరకు ఇక్కడే చతికిలబడతాయి. నివాస ఉత్తర్వు అమలుకు తోడ్పడమని స్టేషన్ అధికారిని ఆదేశించే అధికారం కూడా ఈ సెక్షన్‌లోనే ఉంది. అడిగే వకీలు ఉండాలి.

కడప జిల్లాకు కువైట్ వలసల సంగతి వేరే చెప్పాలి. మగవాళ్ళు పోయి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్న కథలు అందరికీ తెలుసు. ఆడవాళ్ళు ఇళ్ళపనికి పోయి పంపిన డబ్బుతో ఇక్కడ మొగుళ్ళు తాగడం కూడా తక్కువేమీ లేదు. ఈ రెండో బాపతు హింసకు 498ఏలో పేరు వెతుక్కోవాలి, గృహహింస చట్టంలో ఆర్థిక హింస అని సూటిగా ఉంది. ఆమె సెలవు మీద వచ్చిన నెలలోనే తాత్కాలిక ఉత్తర్వు కోరడం తెలివైన పని. విమానం ఎక్కేశాక వాయిదాలు నడపడం గగనం. విదేశీ విడాకుల కాగితం చూపించి బెదిరించే భర్తల విషయంలో 1991 నాటి తీర్పు ఇప్పటికీ నిలిచి ఉంది. తిరుపతిలో పెళ్ళాడిన తెలుగు దంపతుల వ్యవహారం అది. భర్త అమెరికాలోని మిస్సోరి కోర్టులో తెచ్చుకున్న విడాకులు ఇక్కడ చెల్లవంది సుప్రీంకోర్టు.

అమెరికాలో ఉన్న మన పిల్లల పరిస్థితి ఇంకో రకం. అక్కడ పోలీసును పిలిస్తే ఆ రాత్రే భర్త అరెస్టు కావొచ్చు, వెంటనే దగ్గరికి రావొద్దనే ఉత్తర్వు కూడా పడొచ్చు. అటువంటి ఉత్తర్వుల వివరాలు దేశవ్యాప్త పోలీసు కంప్యూటర్‌లో ఎక్కుతాయి, ఒక రాష్ట్రంలో ఇచ్చింది ఇంకో రాష్ట్రంలో చెల్లుతుంది. 2024 జూన్‌లో అక్కడి సుప్రీంకోర్టు, అలాంటి ఉత్తర్వు ఉన్న ప్రమాదకరమైన మనిషి దగ్గర తుపాకి ఉండకూడదన్న చట్టాన్ని ఎనిమిది మంది ఒకవైపు, ఒకరు ఒకవైపుగా నిలబెట్టింది. అయినా హెచ్4 వీసా మీద పోయిన పిల్ల ఫోను ఎత్తదు. భర్త వీసా పోతే తనదీ పోతుంది. ఉత్తర్వు గట్టిదైనా, నిలబడే నేల లేకపోతే దాన్ని అడిగే ధైర్యం రాదు. వేంపల్లెలో ఆ నేల ఇల్లు, అమెరికాలో వీసా.

వేంపల్లెలో ముస్లిం కుటుంబాలు బాగానే ఉన్నాయి కాబట్టి ఒక్క మాట. గృహహింస చట్టానికి మతం అడ్డు కాదు. విడాకులైన ముస్లిం స్త్రీ కూడా పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద మనోవర్తి అడగొచ్చని తెలంగాణ నుంచి వెళ్ళిన కేసులో 2024 జూలై 10న సుప్రీంకోర్టు తిరిగి గట్టిగా చెప్పింది.

దుర్వినియోగం మాట ఎత్తకుండా ఈ సమీక్ష పూర్తికాదు. ఎత్తేవాళ్ళందరూ ఆడవాళ్ళ శత్రువులూ కారు. 2024 డిసెంబరు 10న తెలంగాణ కేసు ఒకదానిలో జస్టిస్ నాగరత్న, జస్టిస్ కోటీశ్వర్ సింగ్ ధర్మాసనం 498ఏ ఆరోపణలను కొట్టేస్తూ, ఎవరు ఏం చేశారో చెప్పకుండా బంధువులందరినీ ఇరికించే ధోరణిని తప్పుపట్టింది. 2025 ఫిబ్రవరి 7న అదే ధర్మాసనం, మళ్ళీ తెలంగాణ నుంచే వచ్చిన వ్యవహారంలో, దూరపు బంధువుల మీద పెట్టిన క్రిమినల్ కేసునూ డీవీసీనీ రెండిటినీ రద్దు చేసింది. ఫిర్యాదుల్లో ఆ తంతు మనకు తెలిసిందే: అత్త, మామ, ఆడబిడ్డ, ఆమె మొగుడు, బెంగుళూరులో ఉండే మరిది. అందరికీ ఒకటే వాక్యం, "వీరందరూ కలసి మానసికంగా, శారీరకంగా హింసించినారు". రాసిచ్చే గుమస్తాకు అది సులభం. నష్టం ఆమెకే. పది పేర్లలో ఎనిమిది హైకోర్టులో రాలిపోయేసరికి మిగిలిన రెండిటి మీద ఉన్న నిజం కూడా పలచబడుతుంది. తేదీ, చోటు, మాట, దెబ్బ ఎవరివో వాళ్ళకే రాసిన ఒక్క పేజీ ఆ పది పేర్ల కంటే గట్టిగా నిలుస్తుంది.

2017 జూలైలో సుప్రీంకోర్టు కుటుంబ సంక్షేమ కమిటీలు చూశాకే అరెస్టు అని ఒక పద్ధతి పెట్టి, 2018 సెప్టెంబరులో తానే దాన్ని తీసేసింది. 2025 జూలైలో అలహాబాద్ హైకోర్టు మార్గదర్శకాలను ఆమోదిస్తూ మళ్ళీ కమిటీలనూ, ఎఫ్ఐఆర్ తర్వాత రెండు నెలలు అరెస్టు లేని గడువునూ తెచ్చింది. ఈ ఊగిసలాట మీద ఎవరి అభిప్రాయం వాళ్ళది. నాకు కనిపించేది ఒక్కటే: ఆ రెండు నెలలు ఆమె ఎవరి రక్షణలో ఉంటుందన్నది ఎఫ్ఐఆర్ చెప్పదు. తాత్కాలిక ఉత్తర్వే చెప్పాలి. అరెస్టు ఎంత సడలితే ఉత్తర్వు అంత బిగియాలి.

మరి ఉత్తర్వును మీరితే? చట్టం మొత్తంలో క్రిమినల్ కోరలున్నది ఇక్కడే. 31వ సెక్షన్ ప్రకారం రక్షణ ఉత్తర్వునుగానీ తాత్కాలిక రక్షణ ఉత్తర్వునుగానీ మీరితే ఏడాది దాకా జైలు, 20,000 దాకా జరిమానా, లేదా రెండూ. పోలీసు వారంటు లేకుండా పట్టుకోవచ్చు, బెయిలు హక్కుగా రాదు. ఆమె ఒక్కదాని సాక్ష్యం మీదే నేరం జరిగిందని తేల్చవచ్చని 32వ సెక్షన్ అంటుంది. ఇంత పదునున్నదాన్ని వాడేది ఎంతమంది? జాతీయ నేర గణాంకాల్లో 2021లో భర్త, అత్తింటివారి క్రూరత్వం కింద దేశమంతటా నమోదైన కేసులు 1,36,234. గృహహింస చట్టం కింద అయిదు వందల చిల్లర. అర్జీలు నేరుగా మేజిస్ట్రేట్‌కు పోతాయి కాబట్టి అవి ఈ లెక్కలో రావు, పోలీసు దగ్గరికి వచ్చినవే వస్తాయన్నది నిజమే. అంటే ఉత్తర్వు మీరాడని స్టేషన్ మెట్లెక్కినవాళ్ళు దేశం మొత్తం మీద ఒక పెద్ద గ్రామంలోని ఇళ్ళన్ని కూడా లేరు.

కారణాల్లో ఒకటి వకీళ్ళ అలవాటు. అర్జీలో మనోవర్తిని బారెడు రాసి, 18వ సెక్షన్‌ను ఒక వాక్యంతో తేల్చేస్తారు. తీరా మనోవర్తి ఎగ్గొడితే 31 పనిచేస్తుందా అన్నదానిపై హైకోర్టులే రెండుగా చీలాయి. కేరళ హైకోర్టు కాదంది, మధ్యప్రదేశ్‌లో అవునన్న తీర్పుంది. "దగ్గరికి రావొద్దు, ఫోను చేయొద్దు" అన్న ఉత్తర్వు విషయంలో ఈ సందేహమే లేదు, దాన్నే అడగరు. ఇంకొకటి కాలపరిమితి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పినదాన్ని బట్టి 12వ సెక్షన్ అర్జీకి ఏడాది గడువు వర్తించదు, ఉత్తర్వు మీరిన నేరానికి మాత్రం వర్తిస్తుంది. "చూద్దాంలే, పండగ పోనీ" అని ఊరుకుంటే ఆ కోర కూడా పోతుంది.

రాజీల విషయంలో మన రాష్ట్రానికి ప్రత్యేకత ఉంది. 2003లోనే ఆంధ్రప్రదేశ్ 498ఏను రాజీపడదగిన నేరంగా సవరించుకుంది. కోర్టు అనుమతి కావాలి, రాజీ కోరాక కనీసం మూడు నెలలు ఆగాలి. బెదిరించి చేయించిన రాజీ ఆ గడువులో బయటపడుతుందని ఉద్దేశం, మంచి ఉద్దేశమే. కేంద్రం చేసిన నాగరిక సురక్షా సంహితలోని రాజీపడదగిన నేరాల పట్టికలో మాత్రం న్యాయ సంహిత 85వ సెక్షన్ కనిపించదు. ఇకముందు రాజీలకు హైకోర్టు దాకా పోవాల్సివస్తే పేదలకు అది అదనపు భారమే. ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. రాజీ పేరుతో క్రిమినల్ కేసు ముగించుకున్నా, రక్షణ ఉత్తర్వు దానంతట అది పోదు. 25వ సెక్షన్ ప్రకారం ఆమె తనకు తానుగా వద్దని అడిగేదాకా అమల్లో ఉంటుంది. మళ్ళీ కాపురానికి పోయే ఆడపిల్లకు పెద్దమనుషుల ఒట్టు కంటే ఇది నికరం. కానీ "అన్ని కేసులూ ఎత్తేస్తేనే రాజీ" అనేది పంచాయితీలో మొదటి షరతు. ఆ షరతుకు తలూపే ముందు డీవీసీని వేరుగా మాట్లాడమని చెప్పే మనిషి ఆమె పక్కన ఒకరుండాలి.

ఆ మనిషి రక్షణాధికారి కావాలని చట్టం ఉద్దేశం. మన రాష్ట్రంలో జిల్లా మహిళాభివృద్ధి, శిశుసంక్షేమ శాఖ ప్రాజెక్టు డైరెక్టరుకు ఆ బాధ్యత ఇచ్చారు, లీగల్ కౌన్సెలర్, సోషల్ కౌన్సెలర్‌తో గృహహింస విభాగం పెట్టారు. దేశంలో చాలా రాష్ట్రాల కంటే ఇది నయం. కానీ ఉండేది కడపలో. అంగన్‌వాడీల నుంచి పోషకాహారం దాకా చూసే అధికారికి వేంపల్లె మండలంలో ఒక ఇంటి గొడవ ఎన్నో పని? 2025 మే 20న సుప్రీంకోర్టు రక్షణాధికారులను తాలూకా స్థాయి దాకా గుర్తించి నియమించాలని రాష్ట్రాలను ఆదేశించింది. సచివాలయాల్లో మహిళా సంరక్షణ కార్యదర్శులు ఉన్న రాష్ట్రానికి ఇది కష్టమేమీ కాదు, శిక్షణ ఇచ్చి అధికారం కట్టబెట్టాలి అంతే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రాష్ట్రంలో నూటికి 84 మంది ఆడవాళ్ళు ఏదో ఒక కారణానికి భర్త కొట్టడం సబబేనన్నారు. ఇలా అనుకునేవాళ్ళు వంద మందిలో ఎనభై నాలుగు మంది ఉన్న చోట, ఫోను నెంబరు గోడ మీద రాస్తే సరిపోదు. ఇంటి దాకా వచ్చి అడిగేవాళ్ళు కావాలి.

ఉత్తర్వు వచ్చాక చేయాల్సిన పని ఒకటుంది. 24వ సెక్షన్ ప్రకారం కాపీ ఉచితంగా ఇరుపక్షాలకూ, అర్జీ పడిన కోర్టు పరిధిలోని స్టేషన్‌కూ పోవాలి. పుట్టింటి నుంచి పులివెందులలో అర్జీ వేస్తే కాపీ వచ్చేది వేంపల్లె స్టేషన్‌కు. అతనుండేది కదిరి అయితే అక్కడి ఎస్సైకి ఆ ఉత్తర్వు ఉన్న సంగతే తెలియదు. అందుకే అర్జీలోనే ఆ స్టేషన్ పేరు కూడా రాసి, కాపీ అక్కడికీ పంపమని మేజిస్ట్రేట్‌ను అడగాలి.